పిలుపు విని కూడా పలకని చుక్కి

మా ఇంట్లో చుక్కి అనే పిల్లి ఉండేది. ఒళ్ళంతా బూడిద రంగు, నుదుటి మీద మాత్రం చిన్న తెల్లని మచ్చ. ఆ మచ్చను చూసే అమ్మ దానికి ఆ పేరు పెట్టింది. తోక చివర ఎముక కొద్దిగా వంకర తిరిగి ఉండేది కాని, చూస్తే తెలిసేది కాదు, చేత్తో తడిమితేనే తెలిసేది. పుట్టుకతోనే బిడియస్తురాలు. గుమ్మంలో కొత్త చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, బీరువా వెనుక సందులోకి జారిపోయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయి, వాళ్ళ మాటల సందడి పూర్తిగా సద్దుమణిగాక గాని బయటకు వచ్చేది కాదు. మా ఇంటికి ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉన్న బంధువుల్లో కూడా చుక్కిని ఒక్కసారైనా చూడనివారు ఉన్నారు. అలాంటి పిల్లి ఒకనాడు ఇల్లు దాటి వెళ్ళింది. అది దొరికేవరకు మేము గడిపిన రోజులు, దొరికిన తీరు ఇప్పటికీ నాకు నిన్న మొన్న జరిగినంత స్పష్టంగా గుర్తున్నాయి.

అప్పుడు ఇంటికి మరమ్మతులు జరుగుతున్నాయి. గోడలకు డ్రిల్లింగ్ మిషన్‌తో రంధ్రాలు చేస్తున్న ఆ రోజుల్లో, రెండు పిల్లులనూ వెనుక గదిలో ఉంచి తలుపు వేసేవాళ్ళం. మనిషి చెవికి దాదాపు 20 కిలోహెర్ట్‌జ్ దాటిన ధ్వని వినిపించదు. పిల్లి వినికిడి మాత్రం 85 కిలోహెర్ట్‌జ్ వరకు పోతుందని 1980లలో జరిగిన పరీక్షలలో తేలింది. అంటే మాకు చిరాకు కలిగించిన ఆ మిషన్ రొదలో మాకు అసలు వినిపించని మరెన్ని కీచు ధ్వనులు ఆ చిన్ని తలలోకి దూసుకుపోయాయో ఊహించడం కష్టం. గోడ అదురుకు కిటికీకి బిగించిన వల ఒక మూల ఊడింది. సాయంత్రం పనివాళ్ళు వెళ్ళాక తలుపు తీసి చూస్తే మంచం మీద పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. పెద్దాయన అంటే మా మరో పిల్లి, చుక్కి కన్నా వయసులో చాలా పెద్దవాడు, నెమ్మదస్తుడు. వాడు కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. మేము గదిలోకి వచ్చినా తల తిప్పలేదు.

ఆ రాత్రి ఇంటిల్లిపాదీ వీధిలోనే ఉన్నాము. నాన్న ఒక వైపు, తమ్ముడు ఇంకో వైపు, అమ్మా నేనూ ఇంటి చుట్టూ, గొంతు బొంగురుపోయేవరకు దాని పేరు పెట్టి పిలిచాము. ప్రతి పిలుపు తరువాత ఊపిరి బిగబట్టి వినేవాళ్ళం. ఎక్కడా ఒక్క మ్యావ్ కూడా వినిపించలేదు. ఇంట్లో ఉన్నప్పుడు అమ్మ మామూలు గొంతుతో ఒక్కసారి పిలిస్తే పరుగెత్తుకొచ్చే పిల్లి ఇంతమంది ఇంతసేపు పిలిచినా పలకలేదంటే, ఇక అది ఈ చుట్టుపక్కల లేనట్టే అని అందరమూ అనుకున్నాము. అలా అనుకోవడం సహజమే కాని, ఆ ఆలోచనే మా వెతుకులాటను దూరదూరాలకు తీసుకుపోయింది. మర్నాటి నుంచి పెద్ద రోడ్డు అవతలి వీధులు కూడా గాలించాము. అది మాత్రం, తరువాత తెలిసిన సంగతేమిటంటే, మా గొంతులు వినిపించేంత దగ్గరలోనే ఉంది.

ఇంట్లో మనిషో ప్రాణియో లేకపోవడం ఎలా ఉంటుందో అంతకు ముందు నాకు తెలియదని కాదు. మా తాతగారు పోయినప్పుడు ఏడ్చాను, కొన్నాళ్ళకు తేరుకున్నాను. ఈ బాధ మాత్రం వేరు. చుక్కి పోయిందని ఏడవాలో, వస్తుందని ఎదురు చూడాలో తెలిసేది కాదు. దాని గిన్నె కడిగి లోపల పెట్టడానికి ఎవరికీ చెయ్యి వచ్చేది కాదు. నాన్న రోజూ పొద్దున్నే ఆ గిన్నెలో నీళ్ళు మార్చేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. రాత్రి వాన పడితే చాలు, అందరికీ మెలకువ వచ్చేసేది. ఎక్కడ తడుస్తోందో, అసలు ఉందో లేదో అనే ఆలోచన ఒకసారి మొదలైతే తెల్లవారేవరకు నిద్ర పట్టేది కాదు. ఏదైనా సినిమా చూసి కాసేపు నవ్వుకున్నా, మరుక్షణమే గుండెలో కలుక్కుమనేది.

చాలా ఏళ్ళ తరువాత పాలిన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలి గురించి చదివినప్పుడు ఆ స్థితికి ఒక పేరు ఉందని తెలిసింది. యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను 1970లలో ఆమె అధ్యయనం చేసింది. మరణించారని నిర్ధారణ లేక, బతికి ఉన్నారన్న ఆధారమూ లేక ఆ కుటుంబాలు పడే వేదనకు ఆమె అస్పష్టమైన నష్టం అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. ఇంటి మనిషి జాడ తెలియని కుటుంబపు దుఃఖాన్నీ, పిల్లి కోసం మేము పడిన బాధనూ ఒకే త్రాసులో తూచడం నా ఉద్దేశం కాదు, అలా తూచకూడదు కూడా. కాని ముగింపు తెలియని దుఃఖానికి ఒక ప్రత్యేక స్వభావం ఉందనీ, అది మనిషిని ముందుకూ పోనివ్వదు, వెనక్కూ రానివ్వదనీ ఆమె చెప్పిన మాట చదివినప్పుడు, నీళ్ళ గిన్నె పట్టుకుని వంగిన నాన్న నా కళ్ళ ముందు మెదిలారు.

ఓదార్చడానికి వచ్చినవాళ్ళు చాలామంది ఒకే మాట చెప్పారు. పిల్లి కదా, దారి దానికే తెలుసు, ఆకలేస్తే అదే వస్తుంది అన్నారు. వాళ్ళ మంచితనాన్ని నేను శంకించను. ఊరికే తిరగడం అలవాటున్న పిల్లులు తమంతట తాము ఇంటికి చేరడం మామూలే, అమెరికాలో 2012లో ప్రచురితమైన ఒక సర్వేలో కూడా దొరికిన పిల్లుల్లో సగానికి పైగా అలా తిరిగివచ్చినవే. కాని ఎన్నడూ గడప దాటని పిల్లి విషయంలో ఈ మాట నమ్మి చేతులు ముడుచుకుని కూర్చోవడం ప్రమాదమని నేను గట్టిగా నమ్ముతాను. 2018లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో, పిల్లిని పోగొట్టుకున్న 1,210 మంది అనుభవాలను సేకరించారు. ఏడాదిలోపు దొరికినవి 61 శాతం. మొదటి ఏడు రోజుల్లోనే సుమారు మూడోవంతు దొరికాయి. మూడు నెలలు దాటాక దొరికినవి చాలా తక్కువ. దొరికిన పిల్లుల్లో నాలుగింట మూడు వంతులు తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే ఉన్నాయి. మనుషులు స్వయంగా కాలినడకన వెళ్ళి మూలమూలా వెతికిన చోట పిల్లి ప్రాణాలతో దొరికే అవకాశం పెరిగిందని కూడా అందులో తేలింది. ఆ లెక్కలు మాకు అప్పుడు తెలియవు. తెలిసి ఉంటే పెద్ద రోడ్డు దాటి ఉండేవాళ్ళమే కాదు.

తమ్ముడు కరపత్రం తయారు చేశాడు. ఫొటో పెద్దదిగా, నుదుటి మచ్చ స్పష్టంగా కనిపించేలా ఉండాలని, రాతలు తక్కువ ఉండాలని, నడిచి పోయేవాడు ఆగకుండానే చదవగలగాలని వాడు పట్టుబట్టాడు. తోక వంకర సంగతి మాత్రం అందులో రాయలేదు. ఎవరైనా పిల్లి మా దగ్గర ఉంది అని ఫోన్ చేస్తే, అది నిజంగా చుక్కేనా అని తేల్చుకోవడానికి ఒక గుర్తు మా దగ్గరే దాచుకోవాలని అక్క ఫోన్‌లో చెప్పింది. అది చాలా మంచి సలహా అని తరువాత రుజువైంది. ఎదురింట్లో ఒక చిన్న పాప ఉండేది. కరపత్రాలు అంటించడానికి మా వెంట వచ్చి, చుక్కికి ఇంకేం గుర్తులు ఉన్నాయని పదే పదే అడిగేది. ఒక రహస్యమైన గుర్తు ఉంది, దొరికాక నీకే ముందు చూపిస్తాను అని మాట ఇచ్చాను. ఆ రోజు నుంచి ఆ పాప బడి నుంచి రాగానే ప్రతి ఆగి ఉన్న కారు కిందకీ వంగి చూసేది.

ఫోన్లు వచ్చాయి. ఫలానా చోట బూడిద రంగు పిల్లి కనిపించిందని ఎవరైనా చెప్పగానే, వేసుకున్న చెప్పులేవో కూడా చూసుకోకుండా పరుగెత్తేవాళ్ళం. కొన్ని ఇంటి యజమానులున్న పిల్లులు, కొన్ని వీధిలో పుట్టి పెరిగినవి. ఒకాయన తన దగ్గరే ఉందనీ, ముందు డబ్బు పంపితే చిరునామా చెబుతాననీ అన్నాడు. తోక గురించి ఒక్క ప్రశ్న వేయగానే ఫోన్ పెట్టేశాడు. ఆశ పెట్టుకున్న మనుషుల దగ్గర ఇలాంటి పని చేయడానికి మనసెలా ఒప్పుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వీటన్నిటిలోకీ నన్ను వదలని జ్ఞాపకం మరొకటి ఉంది. ఒక ఉదయం ఎవరో ఫోన్ చేసి, రోడ్డు పక్కన బూడిద రంగు పిల్లి చనిపోయి పడి ఉందని, కరపత్రం చూసిన గుర్తుతో చెబుతున్నామని, చాలా బాధగా, తడబడుతూ చెప్పారు. అమ్మను ఇంట్లోనే ఉండమని నాన్నా నేనూ వెళ్ళాము. దారిలో ఇద్దరమూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. దూరం నుంచి చూస్తే అదే రంగు, అదే పరిమాణం. దగ్గరకు వెళ్ళేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. నాన్నే ముందుకు వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తల మీద చెయ్యి వేసి నెమ్మదిగా ఇటు తిప్పారు. నుదుట మచ్చ లేదు. మనది కాదు అని ఆయన అన్న మాటకు నాకు ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. అది సంతోషంతో వచ్చిన ఏడుపే. ఆ మరుక్షణంలో ఆ పిల్లి మెడలో చిన్న పట్టీ కనిపించింది. అది కూడా ఎవరింటి బిడ్డో, ఏ ఇంట్లోనో దాని కోసం కూడా ఒక గిన్నెలో నీళ్ళు మారుతున్నాయి. నాన్న తన భుజం మీది తువ్వాలు తీసి దాన్ని చుట్టారు. ఆ చుట్టుపక్కల ఇళ్ళన్నిటి తలుపులూ తట్టి అడిగాము. చివరికి ఒక ఇంట్లో ఒక కుర్రవాడు తువ్వాలు వంక చూసి, మేము ఏమీ చెప్పకముందే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. వాళ్ళ పెరట్లోనే దానిని పూడ్చడానికి నాన్న సాయం చేశారు. ఇంటికి వచ్చాక అమ్మకు, మనది కాదు అని మాత్రమే చెప్పాము. మిగతాది చెప్పడానికి మాకు చాలా రోజులు పట్టింది.

వారం దాటి మరో వారం నడుస్తుండగా, వీధి పిల్లులకు రోజూ తిండి పెట్టే ఒక పెద్దావిడ కరపత్రం చూసి మా ఇంటికి వచ్చారు. ఆవిడ కూర్చోకుండానే, ఎలా పోయింది, ఎటువైపు కిటికీ, బయట తిరిగిన అలవాటు ఉందా, కొత్తవాళ్ళను చూస్తే దాక్కుంటుందా అని వరుసగా అడిగారు. అంతా విని, "ఇక పిలవడం మానెయ్యండమ్మా. భయపడిన పిల్లి పలకదు. పలికితే తన చోటు శత్రువుకు తెలిసిపోతుందని దాని భయం. మీ గొంతు వింటూనే ఉంటుంది, కాని నోరు విప్పదు. దూరం పోవద్దు. కిటికీ దగ్గర మొదలుపెట్టి, పక్కిల్లు, దాని పక్కిల్లు, మెట్ల కింద, కట్టెల వెనుక, ఏ సందు కనిపిస్తే ఆ సందులో చూడండి. ఊరు నిద్రపోయాక వెళ్ళండి. టార్చిలైటు కిందికి పట్టుకోకండి, మీ కంటి పక్కన పెట్టుకుని చూడండి" అన్నారు.

ఆ చివరి మాట వెనుక ఉన్న సంగతి తరువాత తెలుసుకున్నాను. పిల్లి కంటిలో రెటీనా వెనుక టపేటం లూసిడం అనే పొర ఉంటుంది. రెటీనాను దాటి వెళ్ళిన వెలుతురును ఆ పొర మళ్ళీ రెటీనా మీదికి తిప్పికొడుతుంది. అందువల్లనే పిల్లి మసక చీకట్లో మనకన్నా బాగా చూడగలుగుతుంది, అందువల్లనే దాని కళ్ళు చీకట్లో మెరుస్తాయి. తిరిగివచ్చే ఆ మెరుపు వెలుతురు వెళ్ళిన దారిలోనే వస్తుంది కాబట్టి, దీపం మన కంటికి ఎంత దగ్గరగా ఉంటే అంత బాగా మనకు కనిపిస్తుంది. ఆవిడ ఇవేవీ చదువుకుని చెప్పలేదు. ఏళ్ళ తరబడి అర్ధరాత్రులు పిల్లుల కోసం తిరిగిన అనుభవంతో చెప్పారు.

పక్కింటివాళ్ళ అనుమతి ముందే అడిగి, ఆ రాత్రి అందరూ పడుకున్నాక అమ్మా నేనూ బయలుదేరాము. మొదటి ఇంట్లో ఏమీ లేదు. రెండో ఇంటి వెనుక మేడ మెట్ల కింద పాత చెక్కలు, పగిలిన తలుపులు గోడకు చేరవేసి ఉన్నాయి. పగటి పూట మేము ఆ మెట్ల పక్క నుంచి ఎన్నోసార్లు పిలుస్తూ నడిచాము. టార్చి కంటి పక్కన పెట్టుకుని, నేల మీద చెంప ఆనించి, ఆ చెక్కల మధ్య సందులోకి చూశాను. బాగా లోపల, గోడ మూలన, రెండు పచ్చని చుక్కలు వెలిగాయి. టార్చి కొద్దిగా పక్కకు జరిపితే మాయమయ్యాయి. మళ్ళీ కంటి దగ్గరకు తెస్తే మళ్ళీ వెలిగాయి. వాటికి పైన తెల్లని మచ్చ కనిపించింది. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నోట మాట రాలేదు, రావలసిన అవసరమూ లేకపోయింది, నా చేతి వణుకుతోనే అమ్మకు అర్థమైపోయింది.

చుక్కి కదలలేదు. మమ్మల్ని చూస్తూనే ఉంది కాని, మేము ఎవరమో తెలిసిన జాడ ఆ చూపులో లేదు. చెయ్యి చాపితే ఇంకా వెనక్కు ముడుచుకుంది. చెక్కలు జరిపితే బెదిరి ఎటో పరుగెత్తుతుందని భయం. అప్పుడు అమ్మ చేసిన పనిని నేను ఎప్పటికీ మరిచిపోను. ఇంటికి వెళ్ళి దాని గిన్నె, అది రోజూ పడుకునే తన పాత చీర, ఆనాటి దినపత్రిక తెచ్చింది. చీరను సందు ముందు పరిచి, గిన్నె దాని మీద పెట్టి, తాను కొంచెం ఎడంగా గోడకు ఆనుకుని, సందు వైపు చూడకుండా కూర్చుని, టార్చి వెలుగులో పత్రిక చదవడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున్నే నాన్నకు చదివి వినిపించే గొంతుతోనే, అదే నెమ్మదితో, వాతావరణ సూచనల నుంచి ఆటల పేజీ వరకు చదువుకుంటూ పోయింది. ఒక్కసారి కూడా దాని పేరు పెట్టి పిలవలేదు. నేను దూరంగా మొదటి మెట్టు మీద కూర్చుని, అమ్మకు కనిపించని కోణం నుంచి సందులోకి చూస్తున్నాను. చాలాసేపటికి ఒక చెవి అమ్మ వైపు తిరిగింది. ఇంకాసేపటికి తల తిరిగింది.

2013లో జపాన్ పరిశోధకులు 20 పెంపుడు పిల్లులకు, వాటికి కనబడకుండా, కొత్తవాళ్ళ గొంతులనూ యజమాని గొంతునూ వరుసగా వినిపించి చూశారు. యజమాని గొంతును అవి గుర్తుపట్టాయి. కాని ఆ గుర్తింపును ఎక్కువగా చెవులు, తల కదపడంతోనే చూపాయి, పలకడమో లేచి రావడమో అరుదు. ఆ ఫలితాలు చదువుతున్నప్పుడు, ఆ రాత్రి చెక్కల చాటున తిరిగిన ఆ ఒక్క చెవి నాకు మళ్ళీ కనిపించింది. తమ ఇంట్లో, ఏ భయమూ లేని పిల్లులే అలా ఉంటే, రోజుల తరబడి ఆకలితో, బెదురుతో ముడుచుకున్న పిల్లి నుంచి ఇంకేం ఆశించగలం?

తెల్లవారుజామున చుక్కి చీర మీదికి వచ్చింది. ముందు చీరను వాసన చూసింది, తరువాత గిన్నెను, ఆ తరువాత అమ్మ పాదాన్ని. అప్పుడు మ్యావ్ అంది, గొంతు కీచుగా, సగం సగంగా. అమ్మ చదువుతున్న వాక్యాన్ని పూర్తి చేశాకనే పత్రిక పక్కన పెట్టి, దాన్ని చీరతో సహా ఒడిలోకి తీసుకుంది. ఇంటి వరకు నడిచినంతసేపూ అది అమ్మ మోచేతి మడతలో తల దూర్చుకుని ఉంది. ఆ బరువు ఎంత తగ్గిపోయిందో ఎత్తుకున్న అమ్మకు తెలిసింది కాని, ఆ సమయంలో నాతో అనలేదు.

మర్నాడు పశువైద్యుడు, ఎక్కువ రోజులు తిండి లేని పిల్లికి కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి రావచ్చని చెప్పి, రక్తపరీక్ష చేసి, ఒకేసారి కడుపు నిండా పెట్టకుండా కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టమన్నారు. అదృష్టవశాత్తు కాలేయానికి ఏమీ కాలేదు. ఆ తరువాత ఆయన చేతనే మైక్రోచిప్ వేయించాము. బియ్యపు గింజంత ఉండే ఆ చిప్‌లో బ్యాటరీ ఉండదు, అది పిల్లి ఎక్కడుందో చూపించదు. రీడర్ దగ్గరగా పెట్టినప్పుడు 15 అంకెల సంఖ్య ఒకటి చూపిస్తుంది, అంతే. ఆ సంఖ్యకు ఎదురుగా మన ఫోన్ నంబరు సరిగా నమోదై ఉంటేనే దానివల్ల ఉపయోగం. పట్టీతో పోయిన ఆ మరో పిల్లి యజమానిని ఇల్లిల్లూ తట్టి వెతికిన రోజు గుర్తుకు వచ్చి, నాన్న ఆ నమోదును తన చేతులతో తానే పూర్తి చేశారు.

ఇంట్లో అందరి సంతోషాన్నీ పెద్దాయన ఒక్కడు పంచుకోలేదు. అన్ని రోజులు కిటికీ దగ్గర కూర్చున్నవాడు చుక్కి రాగానే వాసన చూసి, బుస్సుమని చెవులు వెనక్కు వాల్చాడు. మాకు చాలా బాధ కలిగింది. పిల్లులు ఒకదాన్నొకటి ముఖ్యంగా వాసనతో గుర్తుపడతాయని, బయటి మట్టి వాసన, ఆసుపత్రి మందుల వాసన నిండిన చుక్కి వాడికి కొత్త పిల్లే అని డాక్టరుగారు వివరించారు. ఆయన చెప్పినట్టే రెండింటినీ కొన్నాళ్ళు వేరు వేరు గదుల్లో ఉంచి, ఒకదాని పక్కగుడ్డ ఇంకొకదాని గదిలో వేస్తూ వచ్చాము. ఒక మధ్యాహ్నం తలుపు తెరిచి ఉంచితే, పెద్దాయన మెల్లగా వెళ్ళి చుక్కి నుదుటి మచ్చ మీద నాకి, దాని పక్కనే పడుకున్నాడు.

తమ్ముడూ నేనూ అంటించిన కరపత్రాలన్నీ వెతికి వెతికి తీసేశాము. ఫోన్ చేసి సాయం చేసినవాళ్ళందరికీ తిరిగి ఫోన్ చేసి చెప్పాము. రోడ్డు పక్క పిల్లి సంగతి చెప్పినవారికి కూడా చెప్పాము. వాళ్ళు ఫోన్‌లోనే కళ్ళు తుడుచుకున్నట్టు గొంతు మారింది. తమ పిల్లిని పోగొట్టుకున్న ఆ కుర్రవాడి ఇంటికి మాత్రం నాన్న ఒక్కరే వెళ్ళి వచ్చారు. ఏం మాట్లాడారో మేము అడగలేదు.

ఇక ఎదురింటి పాపకు ఇచ్చిన మాట మిగిలింది. చుక్కి కొత్తవాళ్ళ ముందుకు రాదు కాబట్టి, కొన్ని వారాల పాటు ఆ పాప రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి, అమ్మ పక్కన కూర్చుని, తన బడి పుస్తకం పైకి చదువుకునేది. ఆ ఉపాయం అమ్మదే. ఒక రోజు చుక్కి బీరువా వెనుక నుంచి వచ్చి, ఆ పాప పుస్తకం అంచుకు తన బుగ్గ రాసి, అక్కడే కూర్చుంది. అప్పుడు నేను పాప వేలు పట్టుకుని నెమ్మదిగా తోక చివరి వరకు తీసుకువెళ్ళాను. వంకర తగలగానే పాప ఊపిరి బిగబట్టి నా వైపు చూసి, "అక్కా, ఇది మన చుక్కే" అంది.